వెనకద్దం

సిరోంచ బస్‌స్టాండు ఎదురుంగ
మూడు భాషల బోర్డు నాది.
తెలుగుల తప్పు లేదు. మరాఠీల ఒకటుంది,
పదహారేండ్లాయె, దిద్దలే.
గోండిల రాసే పెయింటరు దొరకక
ఆ జాగల కెమెరా బొమ్మ ఏయించిన.

"ఏడ నేర్సుకున్నవ్, సడవలీ?" అంటరు.
పుణె అంటనో నాగపూర్ అంటనో అని చూస్తరు.
కుర్చీ కాడ, అంట.
మా బాపు ఓదెలు మంగలి కుర్చీ.
దాని కుడిచెయ్యి ఇరిగితే
టేకు కట్టె పెట్టి సుతిలితోని కట్టిండు.

ఏడేండ్ల వయసు సంది నా పని ఒకటే:
కటింగయినంక
గిరాకి మెడ ఎనక చేతద్దం పట్టుడు.
ముందటి అద్దంల ఎనకద్దం,
అండ్ల ఆయన ఎన్నడు సూడని ఆయన మెడ.
పటేలయినా, ఫారెస్టు గార్డయినా
ఆ రెండు రెప్పల సేపు
మొఖం సర్దుకునుడు మర్సిపోతుండె.

అందరు ఒక మొఖం పెట్టుకొనే వస్తరు కుర్చీలకు.
పటిక రాసినప్పుడు సురుక్కుమంటది సూడు,
గప్పుడు జారిపోతది అది.
రాలిన ఎంట్రుకలతోని కలిపి
ఊడ్సెటోన్ని నేనే.

తల వంచుమని బాపు నోటితోని అనకపోయేది.
గదువ కింద రెండేళ్లు పెడుతుండె, గంతే.
వాలుకు పడవ తిరిగినట్టు
తల తనకు తానే తిరుగుతుండె.

బల్లార్షాల ఒక సేటు కాడ కొన్న పాత కెమెరా.
మొదటి రీలు, మొదటి ఫోటో:
కుర్చీల పోస్టుమాను, ఎనక బాపు,
ముంగట అద్దం.
ఫ్లాషు పెట్టుకొని మస్తు సంబురంగ నొక్కిన.
చంద్రపూర్‌ల కడిగిచ్చి తెచ్చేటాలకు పదొద్దులు పట్టింది.
పోస్టుమాను ఉన్నడు. నురగ ఉన్నది.
సుతిలి ముడి సుత కండ్లవడ్డది.
బాపు అటు మల్లి ఉన్నడు.
అద్దంల ఆయన మొఖం ఉండాల్సిన కాడ
తెల్లటి మంట.

ఆ ఏడు ఆషాడంలనే బాపు పోయిండు.
ఇంకో ఫోటో లేదు.
అమ్మ దండ పట్టుకొని ఇల్లంత తిరిగి
ఆఖరికి కుర్చీకేసింది.

ఫ్లాషును పాత సామాన్లోనికి ఏస్తే
నాలుగు ఉల్లిగడ్డలిచ్చిండు.

గందుకే పడమటి గోడ కూలగొట్టి
కిటికి పెట్టిచ్చిన.
నాలుగింటికి రాండ్రి అంట.
ఆధార్‌కు, కులం సర్టిఫికెట్‌కు తొందరున్నోళ్లు
పక్క షాపుకు పోతరు. పోనీ.
పాత ఓనరు ఇడిసిపోయిన జలపాతం తెర ఒకటుంది.
కావాలన్నోళ్లకు ఏలాడదీస్త.
ఫోటో ఆళ్లది, నాదా?

పోయినేడు నీళ్లు ఎనక్కి తన్నినప్పుడు
మిరప చేన్లు పన్నెండొద్దులు మునిగినయి.
పంచనామకు ఫోటోలు తియ్యమని నన్ను పిలిచిండ్రు.
తలాఠీ అన్నడు:
"సచ్చిన మొక్క చేతుల పట్టిపిచ్చి
ఇటు సూడుమను. జర ఏడుపు మొఖం."

గట్టక్క పట్టుకున్నది. సూసింది.
ఏడుపు రాలే ఆమెకు.
సిగ్గుకు నవ్వొచ్చింది.
తలాఠీ గడియారం సూసుకున్నడు.
నేను కెమెరా దించి
గట్టు మీద కూసుండి తంబాకు నలిపిన.

జరసేపటికి ఆమె మొక్క పారేసింది.
వంగి, బురదల కూరుకపోయిన
డ్రిప్పు పైపు గుంజి, కొంగుతోని తుడిచి
నోట్లె పెట్టుకొని ఊది సూసింది,
ఇంక పారుతదా అని.
గప్పుడు నొక్కిన.

తలాఠీ ఆ ఫోటో తీసుకోలే.
మొక్క ఏదన్నడు.

గట్టక్క మల్ల సోమారం సంతకు వచ్చినప్పుడు
షాపుల నిలబడి శానాసేపు సూసింది.
"నా మెడ గిట్లుంటదా" అన్నది.
కొంగు ముడి ఇప్పి పైసలు తీసింది.
వద్దనలే నేను.
బాపు తీసుకున్నట్టే,
లెక్కవెట్టకుంట గల్లల ఏసిన.